‘షీ టోల్డ్ దట్ ఐ...’: డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లో మనం ఎక్కడ తడబడతాం?

పోయిన వేసవిలో మా అత్తయ్య ఇండియా నుంచి వచ్చి మా దగ్గర కొన్ని నెలలు ఉన్నారు. ఒకరోజు పొద్దున్నే బాత్రూంలో కాలు జారి పడ్డారు. చూస్తుండగానే మణికట్టు వాచిపోయింది. మావారు పని మీద వేరే ఊరు వెళ్లారు. పాపని స్కూలు బస్సెక్కించి, అత్తయ్యని నేనే దగ్గర్లో ఉన్న అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్లాను.

నొప్పికి ఏమైనా మాత్రలు వేసుకున్నారా అని నర్సు అడిగింది. అత్తయ్యకి ప్రశ్న అర్థమైంది కానీ ఇంగ్లీషులో జవాబు చెప్పలేరు. “గంట క్రితం రెండు పారాసిటమాల్ వేసుకున్నానని చెప్పమ్మా” అన్నారు నాతో. నేను వెంటనే అనువాదం చేసేశాను: “షీ టోల్డ్ దట్ ఐ టుక్ టూ టాబ్లెట్స్ వన్ అవర్ బ్యాక్.”

నర్సు నా మొహం చూసి, “యూ టుక్ దెమ్?” అంది. మాత్రలు వేసుకున్నది నేను కాదని చెప్పడానికి “నో, నో” అన్నాను. ఆవిడ తల ఊపి కంప్యూటర్‌లో ఏదో కొట్టుకుని వెళ్లిపోయింది. పది నిమిషాల తర్వాత చిన్న కప్పులో రెండు మాత్రలు తెచ్చి అత్తయ్య చేతికి ఇవ్వబోయింది. ఏం మాత్రలని అడిగితే టైలనాల్ అంది. మనం ఇండియాలో పారాసిటమాల్ అనే మందే ఇక్కడ అసిటమినోఫెన్. టైలనాల్ దాని బ్రాండు పేరు. అంటే గంట క్రితం వేసుకున్న మందే మళ్లీ వేయబోతున్నారు. నా “నో, నో”ని ఆవిడ “ఏ మాత్రలూ వేసుకోలేదు” అని అర్థం చేసుకుంది. అప్పుడు వివరంగా చెప్పాను. మాత్రలు వెనక్కి తీసుకెళ్లింది. ఏ ప్రమాదమూ జరగలేదు.

తప్పు నర్సుది కాదు, నాదే. నేను బీఎస్సీ చదివాను. పదో తరగతిలో డైరెక్ట్ స్పీచ్‌ని ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చమంటే మార్కులన్నీ నావే. అయినా అవసరమైన చోట ఎందుకు తప్పానో ఆలోచిస్తే, నేను ఇంగ్లీషు మాటలతో తెలుగు వ్యాకరణం మాట్లాడానని తెలిసింది. మనలో చాలామంది చేసే పని ఇదే. అందుకే ఆ పాఠాన్ని మొదటినుంచీ ఒకసారి తిరగేస్తున్నాను.

తెలుగులో మనం ఏం చేస్తాం?

ఒకరి మాట ఇంకొకరికి చెప్పడానికి మనకి ‘అని’ ఉంది. ‘అను’ అనే క్రియలోంచి వచ్చిన మాట అది. అవతలి వాళ్లు అన్నది అన్నట్టు చెప్పి చివర ‘అని’ పెడితే చాలు. “నాకు ఆకలిగా ఉంది” అని బాబు అన్నాడు. కలిపేస్తే, బాబు ఆకలిగా ఉందన్నాడు. అన్నది నిన్నయినా, పోయిన ఏడాదయినా ‘ఉంది’ మారదు.

బడిలో చదువుకున్న ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం గుర్తున్నాయా? పరోక్షంలో ‘నేను’ బదులు ‘తాను’, ‘నా’ బదులు ‘తన’, ‘మేము’ బదులు ‘తాము’ వస్తాయి. “నేను రేపు వస్తాను” అని రవి చెప్పాడు అనేది, తాను రేపు వస్తానని రవి చెప్పాడు అవుతుంది. ఇందులో ఒక తమాషా ఉంది. ‘నేను’ మారి ‘తాను’ అయింది కానీ ‘వస్తాను’ చివర ఉన్న ‘ను’ మారలేదు. ‘రేపు వస్తాడని రవి చెప్పాడు’ అంటే వచ్చేది రవి కాదు, ఇంకెవరో అనిపిస్తుంది. అంటే పరోక్ష కథనంలో కూడా మన క్రియ ఇంకా రవి నోట్లోనే ఉంటుంది.

ఇంగ్లీషులో ఇలా సగం మార్చి సగం వదిలేయడం కుదరదు. ‘దట్’ని మనం ‘అని’కి అనువాదం అనుకుంటాం, కానీ రెండూ ఒకే పని చేయవు. ‘అని’ ముందున్న మాటలు అన్నవాళ్లవి. ‘దట్’ తర్వాత వచ్చే మాటలు చెబుతున్నవాళ్లవి. అక్కడ ‘ఐ’ అంటే మాట్లాడుతున్న నేనే, అత్తయ్య కాదు. నర్సు వ్యాకరణం ప్రకారమే అర్థం చేసుకుంది.

మారేవి మూడే: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ

డిగ్రీలో ఫిజిక్స్ చదివినవాళ్లకి నిర్దేశ చట్రం గుర్తుండాలి. కదిలే బస్సులో కూర్చున్నవాడికి పక్క సీటు కదలనట్టే ఉంటుంది. రోడ్డు మీద నిలబడినవాడికి ఆ సీటు పరుగెడుతూ కనిపిస్తుంది. చూసేవాడు మారితే కొలతలు మారతాయి. ఇంగ్లీషు ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అంతా ఇదే. అన్నవాళ్ల చోటు నుంచి లేచి వచ్చి చెబుతున్నవాళ్ల చోటులో నిలబడాలి. అప్పుడు నేను, ఇప్పుడు, ఇక్కడ అనే మూడూ మారతాయి. బడిలో బట్టీపట్టిన నియమాలన్నీ ఈ మూడింటిలో సర్దుకుంటాయి.

మొదటిది, ఎవరు. అత్తయ్య “ఐ” అంటే నా నోట అది “షీ” కావాలి. “మై హ్యాండ్” అంటే “హర్ హ్యాండ్”. ఆమె నన్ను “యూ” అంటే నా నోట “మీ” లేదా “ఐ”. ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్న చోట ‘షీ’ అన్నా తికమకే. అప్పుడు “మై మదర్ ఇన్ లా” అని పూర్తిగా చెప్పడం మేలు.

రెండోది, ఎప్పుడు. “సెడ్”, “టోల్డ్” అని భూతకాలంలో మొదలుపెడితే లోపలి క్రియ కూడా ఒక మెట్టు వెనక్కి వెళుతుంది:

“ఐ యామ్ టైర్డ్” అన్నది “షీ సెడ్ షీ వాజ్ టైర్డ్” అవుతుంది.
“ఐ లివ్ ఇన్ గుంటూరు” అన్నది “షీ సెడ్ షీ లివ్డ్ ఇన్ గుంటూరు”.
“ఐ యామ్ కుకింగ్” అన్నది “షీ సెడ్ షీ వాజ్ కుకింగ్”.
“ఐ హావ్ ఈటెన్” అన్నది “షీ సెడ్ షీ హాడ్ ఈటెన్”.
“ఐ ఫెల్” అన్నది “షీ సెడ్ షీ హాడ్ ఫాలెన్”.
“ఐ విల్ కాల్” అన్నది “షీ సెడ్ షీ వుడ్ కాల్”.
“ఐ కెన్ వాక్” అన్నది “షీ సెడ్ షీ కుడ్ వాక్”.
“ఐ మే కమ్” అన్నది “షీ సెడ్ షీ మైట్ కమ్”.
“ఐ మస్ట్ గో” అన్నది “షీ సెడ్ షీ హాడ్ టు గో”.

వుడ్, కుడ్, షుడ్, మైట్ అప్పటికే ఉంటే మార్చక్కర్లేదు. ‘హాడ్ ఈటెన్’ లాంటి పాస్ట్ పర్ఫెక్ట్‌కి ఇంకో మెట్టు లేదు కాబట్టి అదీ అలాగే ఉంటుంది. మామూలు మాటల్లో “షీ సెడ్ షీ ఫెల్” అన్నా తప్పు కాదు, ఏది ముందు జరిగిందో సందేహం రాకపోతే చాలు.

ఇక్కడ మనకి ఒక భయం ఉంటుంది. “షీ వాజ్ ఇన్ పెయిన్” అంటే నొప్పి తగ్గిపోయిందనుకుంటారేమో అని. తెలుగులో ‘నొప్పిగా ఉండింది’ అంటే ఇప్పుడు లేదనే కదా అర్థం. కానీ ఇంగ్లీషులో ఈ ‘వాజ్’ కేవలం ‘సెడ్’కి తోడుగా వచ్చింది. నొప్పి పోయిందని అది చెప్పదు. ఇప్పుడూ ఉందని గట్టిగా చెప్పాలంటే ‘సేస్’తో మొదలుపెట్టండి: “షీ సేస్ షీ ఈజ్ ఇన్ పెయిన్.” మొదటి క్రియ వర్తమానంలో ఉంటే లోపలి కాలం మారదు. డాక్టరు ఎదుట ఇది చాలా తేలికైన దారి.

మూడోది, ఎక్కడ. రోజుల్ని, చోట్లని చెప్పే మాటలు కూడా దీని కిందికే వస్తాయి. నౌ అనేది దెన్, టుడే అనేది దట్ డే, టుమారో అనేది ద నెక్స్ట్ డే, యెస్టర్‌డే అనేది ద డే బిఫోర్, లాస్ట్ వీక్ అనేది ద వీక్ బిఫోర్, ఎగో అనేది ఎర్లియర్ లేదా బిఫోర్, హియర్ అనేది దేర్, దిస్ అనేది దట్ అవుతాయి.

అయితే ఈ పట్టికని గుడ్డిగా వాడకూడదు. పొద్దున “ఐ విల్ కమ్ టుమారో” అన్న మనిషి గురించి ఆ సాయంత్రమే చెబుతుంటే “షీ సెడ్ షీ వుడ్ కమ్ టుమారో” అనే అనాలి, ఆ ‘రేపు’ ఇంకా రేపే కాబట్టి. రెండు రోజులు గడిచాక చెబితేనే “ద నెక్స్ట్ డే”. సోమవారం టీచరు “ట్రిప్ రేపు” అంటే, మంగళవారం రాత్రి ఒక తల్లి ఇంకో తల్లికి “ట్రిప్ రేపన్నారు” అని పంపిస్తుంది. తెలుగులోనూ గొడవే. అందుకే ఏ భాషలోనైనా వారం పేరు, గడియారం టైము చెప్పడం అలవాటు చేసుకోండి. అన్నట్టు, మనం అనే “వన్ అవర్ బ్యాక్” ఇక్కడి వాళ్ల చెవికి కొత్తగా ఉంటుంది. వాళ్లు “ఎన్ అవర్ ఎగో” అంటారు.

సెడ్ ఎక్కడ, టోల్డ్ ఎక్కడ?

తెలుగులో ‘చెప్పింది’ ఒక్కటే సరిపోతుంది. ఎవరికి చెప్పిందో అంటే అంటాం, లేకపోతే లేదు. ఇంగ్లీషులో ‘టోల్డ్’ వెంటనే ఎవరికో ఆ మనిషి ఉండాలి: టోల్డ్ మీ, టోల్డ్ హర్, టోల్డ్ ద నర్స్. మనిషి లేకపోతే ‘సెడ్’. “షీ టోల్డ్ దట్” తప్పు, “షీ సెడ్ మీ” కూడా తప్పు. “షీ టోల్డ్ మీ దట్” సరి, “షీ సెడ్ దట్” సరి. మాటల్లో ‘దట్’ వదిలేసినా ఫరవాలేదు.

ప్రశ్నలు చెప్పేటప్పుడు

ఆ రోజు అత్తయ్య నన్ను పదిసార్లు అడిగిన ప్రశ్న “డాక్టర్ ఎప్పుడొస్తారు?” ఇది నర్సుకి చెప్పాలంటే “షీ ఆస్క్డ్ వెన్ ద డాక్టర్ వుడ్ కమ్”. ప్రశ్నలో “వెన్ విల్ ద డాక్టర్ కమ్” అని క్రియ ముందుకొస్తుంది. ఇన్‌డైరెక్ట్‌లో మామూలు వాక్యంలాగా ‘డాక్టర్’ ముందు, ‘వుడ్’ తర్వాత. ప్రశ్న గుర్తు ఉండదు.

అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నకి ‘ఇఫ్’ లేదా ‘వెదర్’ వాడాలి. “ఎముక విరిగిందా?” అంటే “షీ ఆస్క్డ్ ఇఫ్ ద బోన్ వాజ్ బ్రోకెన్”. ప్రశ్న కోసం వచ్చిన డు, డజ్, డిడ్ వెళ్లిపోతాయి. “డు యూ హావ్ ఎ ఫీవర్?” అని డాక్టరు అడిగితే “హీ ఆస్క్డ్ హర్ ఇఫ్ షీ హాడ్ ఎ ఫీవర్”.

ఇక్కడ కూడా ‘అని’ మనల్ని లాగుతుంది. ‘ఎప్పుడొస్తారని అడిగింది’ అనే అలవాటుతో “షీ ఆస్క్డ్ దట్ వెన్ విల్ డాక్టర్ కమ్” అనేస్తాం. ప్రశ్నలున్న చోట ‘దట్’ రాదు.

చేయమనడం, వద్దనడం

డాక్టరు “డోంట్ లిఫ్ట్ ఎనీథింగ్ హెవీ” అన్నారు. మనకి ఒక్క మాటలో అయిపోతుంది: బరువులు ఎత్తొద్దన్నారు. ఇంగ్లీషులో “ద డాక్టర్ టోల్డ్ హర్ నాట్ టు లిఫ్ట్ ఎనీథింగ్ హెవీ”. చేయమంటే ‘టు’, వద్దంటే ‘నాట్ టు’. బతిమాలితే, మర్యాదగా అడిగితే ‘ఆస్క్డ్’, సలహా అయితే ‘అడ్వైజ్డ్’, హెచ్చరిక అయితే ‘వార్న్డ్’.

‘సజెస్టెడ్’ దగ్గర మాత్రం జాగ్రత్త. “లెట్స్ డు ఎన్ ఎక్స్‌రే” అంటే “హీ సజెస్టెడ్ డూయింగ్ ఎన్ ఎక్స్‌రే” అనాలి. “హీ సజెస్టెడ్ మీ టు డు” అని మనవాళ్లు తరచుగా అంటారు, అది కుదరదు.

మార్చక్కర్లేనివి

ఎప్పటికీ నిజమైనవి మార్చక్కర్లేదు. “ద టీచర్ సెడ్ ద ఎర్త్ గోజ్ ఎరౌండ్ ద సన్.” భూమి నిన్న తిరిగి ఈరోజు మానేయలేదు కదా. ఇప్పటికీ ఉన్న పరిస్థితిని కూడా వర్తమానంలో ఉంచవచ్చు: “షీ సెడ్ షీ ఈజ్ అలర్జిక్ టు పెనిసిలిన్.” ఇలాంటి చోట ఉంచడమే మంచిది.

మన పాత వ్యాకరణ పుస్తకాల్లో ‘ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్ దట్’, ‘ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ సారో దట్’ అని ఉండేవి. పరీక్షలో మార్కుల కోసం సరే కానీ, ఇక్కడ ఎవరూ అలా మాట్లాడగా నేను వినలేదు. “షీ వాజ్ సో హ్యాపీ దట్ దే వన్” అంటే సరిపోతుంది.

ఆస్పత్రిలో రెండు దారులు, ఏదో ఒకటే

వారం తర్వాత అత్తయ్యని మళ్లీ చూపించాల్సి వచ్చింది. ఈసారి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడిగాను. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ నిధులు అందుకునే ఆస్పత్రులు, క్లినిక్‌లు ఇంగ్లీషు సరిగా రాని పేషెంట్లకి భాషాసహాయం ఉచితంగా ఇవ్వాలి. మనవాళ్లు చాలామంది అడగరు, పిల్లలో కోడళ్లో ఉన్నారు కదా అనుకుంటారు. మాకు ఫోన్ మీద ఇచ్చారు.

ఆ ఇంటర్‌ప్రెటర్ మాట్లాడిన పద్ధతి చూసి ఆశ్చర్యపోయాను. అత్తయ్య “రాత్రి నొప్పితో నిద్ర పట్టలేదు” అంటే ఆమె “ఐ కుడ్ నాట్ స్లీప్ లాస్ట్ నైట్ బికాజ్ ఆఫ్ ద పెయిన్” అంది. ‘షీ సెడ్’ లేదు, ‘దట్’ లేదు. వృత్తిగా చేసే ఇంటర్‌ప్రెటర్లు ఇలా పేషెంట్ నోటితోనే, ‘నేను’ అనే మాట్లాడతారు. ఇది పూర్తి డైరెక్ట్ స్పీచ్.

అప్పుడు నా తప్పు ఇంకా స్పష్టంగా తెలిసింది. ‘ఐ’ అనడం తప్పు కాదు. ‘షీ టోల్డ్ దట్’ అని మొదలుపెట్టి ‘ఐ’ అనడం తప్పు. పూర్తిగా ఆమె నోటితో మాట్లాడితే ‘ఐ’, పూర్తిగా మన నోటితో మాట్లాడితే ‘షీ’. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పెడితేనే పడతాం. ఇంట్లోవాళ్లకి ‘షీ’ దారే క్షేమం, ఎందుకంటే మనం కూడా ఆ గదిలో ఒక మనిషిమి, మధ్యలో మన మాటలూ మాట్లాడతాం. నేను ఆ రోజు అనాల్సిన వాక్యం ఇది: “మై మదర్ ఇన్ లా సెడ్ షీ టుక్ టూ పారాసిటమాల్ టాబ్లెట్స్ ఎట్ ఎయిట్ థర్టీ దిస్ మార్నింగ్. ఇట్స్ ద సేమ్ యాజ్ టైలనాల్.”

పిల్లలకి ఇదే చిక్కు, అటువైపు నుంచి

ఇక్కడ పెరిగే పిల్లలు ఇంగ్లీషులో ఇవేవీ తప్పరు, వ్యాకరణం చదవకుండానే. వాళ్లు జారేది తెలుగులో. మా పాప అమ్మమ్మతో ఫోన్లో “నాన్న చెప్పారు ఆయన బిజీగా ఉన్నారు” అంటుంది. ‘అని’ ఎగిరిపోయింది, వాక్యం ఇంగ్లీషు వరసలో వచ్చింది. “నాన్న బిజీగా ఉన్నానన్నారు” అనాలి అని దిద్దాను. పాప నొసలు చిట్లించి, “ఉన్నాను అంటే నేను కదా? బిజీగా ఉంది నాన్న కదా?” అని అడిగింది. నర్సు నన్ను అడిగిన ప్రశ్నే! అప్పటిదాకా నాకు అది ప్రశ్నే అనిపించలేదు. కసురుకోకుండా కూర్చోబెట్టి చెప్పాను: తెలుగులో మనం నాన్న మాటని నాన్న నోట్లోంచి తీయకుండానే తెచ్చి ఇస్తాం, అక్కడ ‘ను’ నాన్నది.

ఇంకొకటి కూడా పిల్లలు పోగొట్టుకుంటున్నారు, మన ‘ట’. ‘వాళ్లు ఇల్లు కొన్నారు’కీ ‘వాళ్లు ఇల్లు కొన్నారట’కీ ఎంత తేడా! రెండోదానిలో, నేను విన్నాను, నేను చూడలేదు అనే జాగ్రత్త ఉంది. ఇంగ్లీషులో ఆ ఒక్క అక్షరానికి “ఐ హర్డ్” అనో “అపారెంట్లీ” అనో వేరే మాట కావాలి. ‘ట’ రాని పిల్లలు విన్నదాన్ని చూసినట్టు చెప్పేస్తారు, పెద్దవాళ్ల మధ్య లేనిపోని మాటలు వస్తాయి.

ఇంట్లో చేసుకునే అభ్యాసం

రాత్రి భోజనాల దగ్గర మేం ఒక ఆట ఆడుతున్నాం. ఒకరు తెలుగులో ఒక మాట అంటారు. పక్కవాళ్లు దాన్ని తెలుగులో ‘అని’తో, ఆ తర్వాత ఇంగ్లీషులో ‘షీ సెడ్’తోనో ‘హీ ఆస్క్డ్’తోనో చెప్పాలి. పాప నా ఇంగ్లీషు దిద్దుతుంది, నేను దాని తెలుగు దిద్దుతాను. మీరూ ఈ అయిదూ ప్రయత్నించండి. అన్నీ అమ్మమ్మ నిన్న అన్న మాటలే.

1. “నాకు తల తిరుగుతోంది.”
2. “నేను షుగర్ మాత్ర వేసుకోలేదు.”
3. “పాప ఎక్కడికి వెళ్లింది?”
4. “నీకు ఆకలిగా ఉందా?” అని పాపతో.
5. “తలుపు తీయొద్దు” అని పాపతో.

జవాబులు ఇవి:

1. అమ్మమ్మ తల తిరుగుతోందన్నారు. షీ సెడ్ షీ వాజ్ ఫీలింగ్ డిజ్జీ.
2. అమ్మమ్మ షుగర్ మాత్ర వేసుకోలేదన్నారు. షీ సెడ్ షీ హాడ్ నాట్ టేకెన్ హర్ డయాబెటిస్ టాబ్లెట్.
3. పాప ఎక్కడికి వెళ్లిందని అడిగారు. షీ ఆస్క్డ్ వేర్ ద గర్ల్ హాడ్ గాన్.
4. ఆకలిగా ఉందా అని పాపని అడిగారు. షీ ఆస్క్డ్ ద గర్ల్ ఇఫ్ షీ వాజ్ హంగ్రీ.
5. తలుపు తీయొద్దని పాపకి చెప్పారు. షీ టోల్డ్ ద గర్ల్ నాట్ టు ఓపెన్ ద డోర్.

రెండో వాక్యాన్ని ఇంకోసారి చూడండి. తెలుగులో ‘వేసుకోలేదన్నారు’ అంటే ఎవరు వేసుకోలేదో క్రియ చెప్పదు, ‘లేదు’ అందరికీ ఒకటే. సందర్భాన్ని బట్టి మనం అర్థం చేసుకుంటాం. ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఆ ‘షీ’ మనమే తెచ్చి పెట్టాలి. అమ్మానాన్నలు, అత్తమామలు మన దగ్గరికి వచ్చినప్పుడు బయట వాళ్ల గొంతు మనమే. నోరు తెరిచే ముందు ఒక్క క్షణం ఆగి, ఇప్పుడు నేను ఎవరి నోటితో మాట్లాడుతున్నాను అని అడుగుకుంటే చాలు, మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.